కొండెక్కిన బంతి ఎందుకు గట్టిపడుతుంది? ఆటకు ముందు బంతిని, బ్యాటును కొలిచి సిద్ధం చేసుకునే పద్ధతి

పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ వైపు ఆటగాళ్లు కొంతకాలంగా నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. ఇంటి దగ్గర సరిగ్గా పలికిన బంతి పొరుగూరి మైదానంలో మరోలా ఎందుకు ప్రవర్తిస్తుంది, దానిని ముందుగానే సరిచేసుకోవడం ఎలా అన్నదే ఆ ప్రశ్న. కొత్త బ్యాట్ కొన్నవారు దాని మీద బంతి ఎక్కడ తగిలితే బాగా పోతుందో కొలిచి చూపించమంటున్నారు. రెండింటికీ జవాబు ఇంట్లో ఉండే పనిముట్లతోనే దొరుకుతుంది కనుక, చేయవలసిన పనులను చేయవలసిన వరుసలోనే ఇక్కడ రాస్తున్నాను.

నా అనుభవం ఒకటి చెబితే వరుస ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది. ఒకసారి పర్లాకిమిడిలో గేజీ (గాలి పీడనం చూపే సాధనం) పెట్టి జాగ్రత్తగా నింపిన మూడు వాలీబాల్‌లతో పిల్లలను కోరాపుట్ తీసుకువెళ్లాను. అక్కడ పాస్ ఇచ్చిన ప్రతి బంతీ ముంజేతుల మీద నుంచి చెదిరి దూరంగా పడింది, పిల్లల చేతులు ఎర్రగా కందిపోయాయి. ఉదయమంతా వాళ్ల చేతుల కోణాన్నే తప్పుపట్టి మందలించాను. సాయంత్రం గేజీ పెట్టి చూస్తే మూడు బంతుల్లోనూ పీడనం నిబంధన దాటి ఉంది. బంతిని ఆడే చోట, ఆడే వేళకు కొలవాలని నేను నేర్చుకున్నది ఆ రోజే. ఈ రాతలోని ప్రతి అంచె వెనుకా ఆ ఒక్క మాటే ఉంది.

1. ముందుగా సమకూర్చుకోవలసినవి

☐ 0 నుంచి 15 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) వరకు చూపే తక్కువ పీడనపు గేజీ. సైకిల్, మోటారుసైకిల్ టైర్ల గేజీ ఇక్కడ పనికిరాదు. దాని ముల్లు 4, 5 పీఎస్ఐ దగ్గర నమ్మదగినట్టు కదలదు.
☐ చేతిపంపు, రెండు సూదులు, చిన్న సీసాలో గ్లిజరిన్.
☐ దర్జీ టేపు, కిరాణా దుకాణంలో వాడే ఎలక్ట్రానిక్ కాటా.
☐ గది ఉష్ణోగ్రత చూపే థర్మామీటరు.
☐ శబ్దం రికార్డు చేసి దాని తరంగాన్ని తెరమీద చూపగల ఫోను.
☐ బ్యాటు కోసం రెండు పెన్సిళ్లు, నాలుగు రబ్బరు బ్యాండ్లు, సుద్దముక్క, చెక్క సుత్తి.
☐ ఒక నోటుపుస్తకం. తేదీ, ఊరు, ఉష్ణోగ్రత, పీడనం, లేచిన ఎత్తు అని అయిదు గడులు గీసుకోండి.

2. కొలిచే వరుస

మొదట ఆకారం, తరువాత బరువు, ఆ తరువాత పీడనం, చివర బంతి లేచే ఎత్తు చూడాలి. చాలామంది మొదటే బంతిని నేలకు కొట్టి చూసి, తక్కువ లేచిందని గాలి కొట్టేస్తారు. బంతి తడిసి బరువెక్కినా, లోపలి బ్లాడర్ (గాలి నిండే రబ్బరు సంచి) ఒక వైపు ఉబ్బినా, ఉదయపు చలికి గాలి ముడుచుకున్నా ఎత్తు తగ్గుతుంది. కారణం తెలియకుండా గాలి కొడితే ఒక లోపం మీద ఇంకొక లోపం చేరుతుంది.

కొలవడానికి ముందు బంతిని కనీసం అరగంట పాటు మైదానంలోనే, నీడలో ఉంచండి. బంతి లోపలి గాలి బయటి గాలితో సమానమైన వేడికి వచ్చిన తరువాతి కొలతకే విలువ ఉంటుంది.

3. ఆకారం, బరువు

అంతర్జాతీయ నిబంధన ప్రకారం వాలీబాల్ చుట్టుకొలత 65 నుంచి 67 సెంటీమీటర్లు, బరువు 260 నుంచి 280 గ్రాములు ఉండాలి. ఫుట్‌బాల్‌కు ఇవి 68 నుంచి 70 సెంటీమీటర్లు, 410 నుంచి 450 గ్రాములు. టేపును మూడు దిక్కుల్లో చుట్టి కొలవండి. మూడు కొలతల మధ్య తేడా ఒక సెంటీమీటరు దాటితే ఆ బంతిని సాధనకు మాత్రమే ఉంచుకోవడం మంచిదని నా అభిప్రాయం.

బంతిని బొంగరంలా తిప్పుతూ నిలువుగా పైకి ఎగరేస్తే మరొక విషయం తెలుస్తుంది. బరువు అన్ని వైపులా సమంగా పరుచుకున్న బంతి నిలకడగా తిరుగుతుంది. ఒక వైపు బరువెక్కినదీ, గుడ్డు ఆకారానికి వచ్చినదీ ఊగుతూ తిరుగుతుంది. తిరగకుండా తేలుతూ వెళ్లే సర్వీస్ వేసేవారికి ఈ పరీక్ష తప్పనిసరి.

కాటా మీద బరువు ఎక్కువ చూపితే గాలి ఎక్కువైందని అనుకోకండి. వాలీబాల్‌లో నిబంధన మేరకు నింపిన అదనపు గాలి బరువు 2 గ్రాములు కూడా ఉండదు. పెరిగినది తడి బరువే. ఫ్యాను గాలికి రెండు రోజులు ఆరబెట్టి మళ్లీ తూచండి. ఎండలో మాత్రం ఆరబెట్టవద్దు.

4. గాలి నింపడం

1. సూదికి ఒక చుక్క గ్లిజరిన్ రాయండి. పొడి సూది వాల్వు రబ్బరును చీలుస్తుంది. కొబ్బరినూనె, కిరోసిన్, గ్రీజు వాడితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది.
2. సూదిని నిటారుగా, నెమ్మదిగా తిప్పుతూ దించండి.
3. కావలసిన దానికంటే కొద్దిగా ఎక్కువ నింపి, గేజీ చూస్తూ వదలండి. గేజీ పెట్టి తీసిన ప్రతిసారీ కొంత గాలి పోతుంది కాబట్టి చివరి కొలతకు ఆ మేరకు చోటు ఉంచుకోవాలి.
4. వాలీబాల్‌కు చదరపు సెంటీమీటరుకు 0.30 నుంచి 0.325 కిలోలు ఉండాలి. పీఎస్ఐలో అది సుమారు 4.26 నుంచి 4.61. ఫుట్‌బాల్‌కు నిబంధన 8.5 నుంచి 15.6 పీఎస్ఐ వరకు విశాలంగా ఉంటుంది కనుక, రెండు జట్లూ ఒప్పుకున్న ఒక అంకె దగ్గర నిలపండి.

వాలీబాల్‌కు అనుమతించిన వెడల్పు ఎంత సన్ననిదో గమనించండి. పై హద్దుకు, కింది హద్దుకు మధ్య తేడా 0.025 మాత్రమే. తరువాతి అంచె అర్థం కావాలంటే ఈ అంకెను గుర్తుంచుకోవాలి.

5. కొండ లెక్క, ఎండ లెక్క

గేజీ చూపేది బంతి లోపలి మొత్తం పీడనాన్ని కాదు. లోపలి పీడనం బయటి వాతావరణ పీడనం కంటే ఎంత ఎక్కువ ఉందో ఆ తేడాను మాత్రమే చూపుతుంది. బయటి పీడనం తగ్గితే, లోపల ఒక్క చుక్క గాలి పెరగకపోయినా గేజీ ముల్లు పైకి పోతుంది, బంతి గట్టిపడుతుంది.

పర్లాకిమిడి సముద్రమట్టానికి సుమారు 145 మీటర్ల ఎత్తులోనూ, కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తులోనూ ఉన్నాయి. వాతావరణ పీడనం మొదటి చోట చదరపు సెంటీమీటరుకు దాదాపు 1.015 కిలోలు, రెండో చోట దాదాపు 0.93 కిలోలు. పర్లాకిమిడిలో గేజీ మీద 0.31 (సుమారు 4.4 పీఎస్ఐ) చూసి నింపిన బంతి లోపల మొత్తం పీడనం 1.325. అదే వేడిలో దానిని కోరాపుట్ చేరిస్తే గేజీ 1.325లోంచి 0.93 తీసివేయగా మిగిలిన 0.395 దగ్గర నిలుస్తుంది. పై హద్దు 0.325 అయినప్పుడు ఇది చిన్న తేడా కాదు.

కొండ మీద చల్లదనం దీనిలో కొంత తగ్గిస్తుంది. మూసి ఉన్న బంతిలోని గాలి పీడనం పరమ ఉష్ణోగ్రతను (సెల్సియస్ డిగ్రీలకు 273 కలిపితే వచ్చే అంకెను) అనుసరించి మారుతుంది. కింద 32 డిగ్రీలు, పైన 24 డిగ్రీలు ఉన్నాయనుకుంటే 8 డిగ్రీల తగ్గుదలకు సుమారు 0.035 పోతుంది. మిగిలేది 0.36. బంతి తొడుగు కొద్దిగా సాగుతుంది కాబట్టి నిజమైన కొలత ఇంకొంచెం తక్కువ ఉండవచ్చు. అయినా అది హద్దు బయటే ఉంటుంది. ఆ రోజు మా పిల్లల చేతులు కందడానికి కారణం ఇదే. గట్టి బంతి చేతిని తాకి ఉండే సమయం తగ్గుతుంది, ఆ కొద్ది సమయంలోనే బంతి దిశ మారవలసి రావడంతో చేతి మీద పడే గరిష్ఠ బలం పెరుగుతుంది.

వాలీబాల్ విషయంలో మైదానంలో నోటిలెక్కకు ఈ రెండు అంకెలు చాలు.

☐ ప్రతి 100 మీటర్లు ఎక్కినప్పుడు గేజీ సుమారు 0.012 పెరుగుతుంది, దిగితే అంత తగ్గుతుంది.
☐ ప్రతి 10 డిగ్రీల వేడికి సుమారు 0.044 పెరుగుతుంది, చలికి అంత తగ్గుతుంది.

ఈ రెండో అంకెను ఒకసారి ఆలోచించండి. వేసవిలో బంతిని గట్టు మీద ఎండకు వదిలేస్తే అది నీడలో ఉన్నదానికంటే 20 డిగ్రీలు ఎక్కువ వేడెక్కడం కష్టమేమీ కాదు. అప్పుడు పెరిగే 0.087, పర్లాకిమిడి నుంచి కోరాపుట్ ఎక్కినప్పుడు పెరిగే దానికి దాదాపు సమానం. కదలకుండా కూర్చున్న బంతి ఎండ వల్లనే కొండెక్కి వచ్చినట్టు మారిపోతుందన్నమాట. అందుకే అదనపు బంతులను గోనెసంచిలో వేసి చెట్టు నీడన ఉంచమని నేను పదేపదే చెబుతాను.

ప్రయాణానికి ముందే లెక్కగట్టి గాలి తగ్గించి పంపవచ్చు కదా అని కొందరు అడిగారు. లెక్క దారి చూపుతుంది గాని గేజీకి బదులు కాదు. బంతిని మామూలుగానే తీసుకువెళ్లి, పైన అరగంట నీడలో ఉంచి, అక్కడే 0.31కి తెచ్చుకోండి.

పీడనం సరిచేసిన తరువాత కూడా ఒక తేడా మిగిలే ఉంటుంది. కోరాపుట్ గాలి సాంద్రత కింద ఉన్నదానికంటే, అదే వేడి దగ్గర, సుమారు 8 శాతం తక్కువ. బంతిని వెనక్కు లాగే గాలి బలం, తిరిగే బంతిని వంచే మాగ్నస్ బలం రెండూ దాదాపు అంతే తగ్గుతాయి. కింద వెనుక గీత మీద పడే సర్వీస్ పైన గీత దాటి పడవచ్చు. ఇది గాలి తీసి సరిచేసే విషయం కాదు. ఆటకు ముందు ఒక్కొక్కరు పదేసి సర్వీసులు వేసి చేతి బలాన్ని సరిచూసుకోవాలి.

6. లేచే ఎత్తును ఫోనుతో కొలవడం

గోడకు టేపు అంటించి కంటితో చూస్తే నాలుగైదు సెంటీమీటర్ల పొరపాటు సహజం. శబ్దంతో కొలిస్తే అది చాలా తగ్గుతుంది.

1. సిమెంటు గచ్చు మీద ఫోనును పక్కగా పెట్టి రికార్డు చేయడం మొదలుపెట్టండి.
2. బంతి అడుగు నేల నుంచి ఒక మీటరు ఎత్తులో ఉండేలా పట్టుకుని, తోయకుండా, తిప్పకుండా వదలండి. మూడుసార్లు నేలను తాకనివ్వండి.
3. తెరమీద తరంగంలో మొదటి తాకిడికి, రెండో తాకిడికి మధ్య సమయాన్ని సెకన్లలో చూడండి. దానిని అదే అంకెతో గుణించి, మళ్లీ 1.225తో గుణిస్తే మొదటిసారి లేచిన ఎత్తు మీటర్లలో వస్తుంది. 0.70 సెకను వస్తే ఎత్తు 60 సెంటీమీటర్లు, 0.75 వస్తే సుమారు 69 సెంటీమీటర్లు.
4. రెండు, మూడు తాకిడుల మధ్య సమయాన్ని మొదటి రెండింటి మధ్య సమయంతో భాగిస్తే ప్రత్యావస్థాన గుణకం వస్తుంది. అంటే తాకిడి తరువాత వేగంలో ఎంత భాగం మిగిలిందో చెప్పే అంకె.
5. అయిదుసార్లు చేసి మధ్య విలువను రాసుకోండి.

గేజీ చేతిలో ఉన్న రోజున 0.31 దగ్గర మీ బంతి ఎంత లేస్తుందో ఒకసారి కొలిచి పెట్టుకుంటే, గేజీ దొరకని ఊరిలో ఆ ఎత్తు వచ్చేవరకు గాలి సర్దుకోవచ్చు. గచ్చు మాత్రం గచ్చే కావాలి. మట్టి నేల ఒక చోట ఉన్నట్టు మరొక చోట ఉండదు.

7. టెన్నిస్ బంతి, తోలు బంతి

టెన్నిస్ బంతికి నిబంధనలోనే పరీక్ష ఉంది. 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి కాంక్రీటు మీద వదిలితే 135 నుంచి 147 సెంటీమీటర్లు లేవాలి. ఈ నిష్పత్తినే మీటరు ఎత్తుకు తగ్గించి వాడితే పొరపాటు వస్తుంది. తక్కువ వేగంతో తగిలినప్పుడు బంతి తక్కువ నొక్కుకుంటుంది, నష్టం తగ్గి నిష్పత్తి కొద్దిగా పెరుగుతుంది. మీటరు ఎత్తు నుంచి చూసేటప్పుడు కొత్త బంతిని పక్కన పెట్టి పోల్చండి. మన వైపు క్రికెట్‌కు వాడే బరువు టెన్నిస్ బంతులకు ఈ నిబంధన వర్తించదు కాబట్టి, వాటికీ పోలికే దారి.

టేబుల్ టెన్నిస్‌లో ఇదే పద్ధతితో బల్లను పరీక్షించవచ్చు. 30 సెంటీమీటర్ల నుంచి వదిలిన బంతి బల్ల మీద ఎక్కడైనా సుమారు 23 సెంటీమీటర్లు లేవాలి.

తోలు క్రికెట్ బంతి బరువు 155.9 నుంచి 163 గ్రాములు, చుట్టుకొలత 22.4 నుంచి 22.9 సెంటీమీటర్లు. ఇది స్వింగ్ కావడానికి కుట్టును బంతి వెళ్లే దిశకు సుమారు 20 డిగ్రీలు పక్కకు వంచి, వెనుకకు తిరిగేలా వదలాలి. కుట్టు ఉన్న వైపు బంతిని అంటుకుని పోయే పలుచని గాలి పొర సంక్షుబ్ధమై, అంటే చిన్న సుడులుగా కలగాపులగమై, బంతి వెనుక భాగం వరకు అంటుకుని ఉంటుంది. నునుపు వైపు పొర ముందే విడిపోతుంది. ఈ అసమానత వల్ల బంతి కుట్టు చూపే వైపుకు జరుగుతుంది. అందుకే మెరుపు ఒక వైపే ఉంచాలి, ఆ వైపును చివరి దాకా మార్చకూడదు. మెరుపు కోసం చెమట, పొడి గుడ్డ చాలు. ఉమ్మి వాడకాన్ని అంతర్జాతీయ క్రికెట్ మండలి 2022 అక్టోబరు నుంచి శాశ్వతంగా నిషేధించింది. మంచు పడే రాత్రుల్లో తోలు తడిసి నునుపు పోతుంది కాబట్టి ప్రతి ఓవరు తరువాత బంతిని తుడవండి.

8. బ్యాట్ మీద రెండు గుర్తులు

బ్యాట్‌లో మంచి చోటు ఒక చుక్క అనుకోవడం సరికాదు. రెండు వేర్వేరు కారణాల వల్ల రెండు చోట్లు ఏర్పడతాయి, వాటి మధ్య ఉన్న పట్టీయే మనకు పనికివచ్చేది.

8.1 అదురు లేని చోటు. బంతి తగలగానే బ్యాట్ విల్లులా వంగి కంపిస్తుంది. ఆ కంపనంలో కదలని చోటును అస్పందన స్థానం అంటారు. అక్కడ బంతి తగిలితే బ్యాట్ తక్కువగా అదురుతుంది, శక్తి బంతికే మిగులుతుంది. పిడిని పై కొన నుంచి సుమారు 15 సెంటీమీటర్ల దగ్గర రెండు వేళ్లతో వదులుగా పట్టి వేలాడదీయండి. చెక్క సుత్తితో కింది కొన నుంచి మొదలుపెట్టి రెండేసి సెంటీమీటర్లకు ఒకసారి ముఖం మీద మెల్లగా తట్టండి. వేళ్లకు జిల్లుమనే అదురు దాదాపు మాయమై శబ్దం స్వచ్ఛంగా వచ్చిన చోట సుద్దతో గీత గీయండి. ఎక్కువ బ్యాట్లలో ఇది కొన నుంచి సుమారు 15 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది.

8.2 చేతిని తన్నని చోటు. బంతి కొనవైపు తగిలితే పిడి ఒక వైపుకు, పిడివైపు తగిలితే మరో వైపుకు చేతిని తంతుంది. రెండింటికీ మధ్య చేతికి ఏ తోపూ తెలియని చోటు ఉంటుంది. దీనిని లోలకంతో కనుక్కోవచ్చు.

1. రెండు చేతుల పట్టు కలిసే చోట, అంటే పిడి పై కొన నుంచి సుమారు 15 సెంటీమీటర్ల దగ్గర, ముఖం వైపు ఒకటి, వీపు వైపు ఒకటి చొప్పున రెండు పెన్సిళ్లను అడ్డంగా పెట్టి రబ్బరు బ్యాండ్లతో బిగించండి.
2. ఆ పెన్సిళ్ల కొనలను ఎత్తైన రెండు బల్లల అంచుల మీద ఆనించి, బ్యాట్ ముఖం ముందుకు వెనుకకు కదిలేలా కొద్దిగా ఊపండి. ఊపు వెడల్పు బెత్తెడు దాటకూడదు.
3. 20 ఊపులకు పట్టిన సమయాన్ని కొలిచి 20తో భాగించండి. ఒకసారి ముందుకు పోయి తిరిగి రావడం ఒక ఊపు.
4. వచ్చిన సెకన్లను అదే అంకెతో గుణించి, మళ్లీ 24.8తో గుణించండి. పెన్సిళ్ల నుంచి అన్ని సెంటీమీటర్ల కింద మీ రెండో గుర్తు ఉంటుంది.

ఉదాహరణకు 20 ఊపులకు 29 సెకన్లు పడితే ఒక ఊపుకు 1.45 సెకన్లు, దూరం సుమారు 52 సెంటీమీటర్లు. బ్యాట్ పొడవు 86 సెంటీమీటర్లయితే ఆ గుర్తు కొన నుంచి 19 సెంటీమీటర్ల దగ్గర పడుతుంది. 15కు, 19కి మధ్య ఉన్న నాలుగు సెంటీమీటర్ల పట్టీని సుద్దతో నింపి, బంతులు ఎక్కడ తగులుతున్నాయో సాధనలో చూసుకోండి. పిడిని కిందకు జార్చి పట్టుకుంటే రెండో గుర్తు కూడా కదులుతుంది. అందుకే ఒకరి బ్యాట్ మీద గీసిన గుర్తు మరొకరి పట్టుకు పనికిరాదు.

కొత్త బ్యాట్‌కు ఈ పట్టీతో పాటు అంచులను, కొనను కూడా చెక్క సుత్తితో కొన్ని గంటలపాటు, రోజుకు కొంత చొప్పున తట్టి గట్టిపరచాలి. పైపొరలోని నారలు నొక్కుకుని దగ్గరైతేనే చీలకుండా ఉంటాయి. ముఖానికి ప్లాస్టిక్ పొర లేని బ్యాట్‌కే పచ్చి అవిసె నూనె పలుచగా రాయండి. పిడి చెక్క దిగిన కోణపు అతుకు దగ్గర రాయవద్దు.

9. తరచుగా జరిగే తప్పులు, దిద్దుబాట్లు

☐ ఉదయం చలిలో నింపి మధ్యాహ్నం ఆడడం. దిద్దుబాటు: ఆటకు ముందు మళ్లీ కొలవండి. 15 డిగ్రీల తేడా వచ్చినా గేజీ 0.065 జరుగుతుంది.
☐ బొటనవేలితో నొక్కి చూసి సరిపోయిందనుకోవడం. తొడుగు మందంగా ఉన్న బంతి గాలి తక్కువైనా గట్టిగానే తోస్తుంది. గేజీ గాని, ఎత్తు పరీక్ష గాని చేయండి.
☐ రెండు గేజీలను కలిపి వాడడం. రెండింటి మధ్య తేడా ఉంటే ఒకదానినే ఎంచుకుని నోటుపుస్తకంలో రాసుకోండి.
☐ లోలకం పెద్దగా ఊపడం. సమయం ఎక్కువ వచ్చి గుర్తు కొనవైపు జరుగుతుంది.

10. దిగివచ్చిన తరువాత

కోరాపుట్‌లో 0.31కి తెచ్చిన బంతి పర్లాకిమిడి చేరేసరికి, అదే వేడిలో, 0.23 దగ్గర మెత్తగా ఉంటుంది. చిల్లు పడిందని వాల్వు కెలకకండి. రాత్రంతా ఇంట్లో ఉంచి, మర్నాడు మైదానంలో అరగంట నీడన పెట్టి, అప్పుడు గాలి నింపండి. నింపిన తరువాత మూడు రోజులకు మళ్లీ కొలిచి, ఉష్ణోగ్రత లెక్క తీసివేసినా తగ్గుదల కనిపిస్తేనే వాల్వు మీద సబ్బునీళ్లు వేసి బుడగల కోసం చూడండి.